ఏసీ వచ్చాక నా గతి

కూకట్‌పల్లిలో ఒక జిమ్ము మూడో అంతస్తు గోడలో ఉంటాను. పన్నెండంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యానుని. మొదట్లో నాకు తెల్లారకముందే డ్యూటీ. ఊడ్చే అక్క షట్టరు లేపగానే నా స్విచ్చు వేసేది. రాత్రి మిగిలిన చెమట కంపు, రబ్బరు మ్యాట్ల వాసన, బ్లీచింగు ఘాటు అన్నీ నా రెక్కల మీదుగానే బజారున పడేవి.

తర్వాత ఏసీలొచ్చాయి. "అన్నా, ఆ ఫ్యాను వేస్తే చలువంతా బయటికి పోతది" అన్నాడు ట్రైనరు. నన్ను ఆపడమే కాదు, నా మొహాన ఒక ఫ్లెక్సీ బిగించారు. అటువైపు కండలు తిరిగిన వస్తాదు, ఇటువైపు నాకు దుమ్ముపట్టిన తెల్లగుడ్డ.

కడుపుమంటతో అంటున్నానని అనుకుంటే అనుకోండి గానీ, స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేనే తేదు. గదిలో గాలినే లాక్కుని, చల్లార్చి, మళ్లీ గదిలోకే వదులుతుంది. బయట వేలాడే పెట్టె పారబోసేది వేడిని మాత్రమే. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 6-8 లీటర్ల గాలి పీలుస్తాడు. ట్రెడ్‌మిల్ మీద పరుగందుకుంటే అది 50 లీటర్లు దాటుతుంది. అదీ నోటితో. ముక్కులో ఆగాల్సిన దుమ్ము తిన్నగా లోపలికే. బరువులెత్తేవాళ్లు చేతులకి రాసుకుని చరిచే మెగ్నీషియం కార్బొనేట్ పొడీ అందులోదే.

మూతి మూసినా చెవులు మూయలేదుగా, కరోనా కబుర్లన్నీ విన్నాను. 2020లో దక్షిణ కొరియాలోని చియోనాన్‌లో జుంబా తరహా డ్యాన్సు క్లాసుల నుంచి 112 మందికి సోకింది. ఇరుకు గదులు, ఎగిరెగిరి రొప్పే జనం. ఆ టీచర్లలోనే ఒకామె పిలాటిస్, యోగా కూడా చెప్పేది. నెమ్మదిగా ఊపిరి తీసుకునే ఆ తరగతి వాళ్లలో ఎవరికీ రాలేదు.

అయినా నా ఫ్లెక్సీ ఊడింది ఆ భయంతో కాదు. ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు అరచేతిలో పట్టే మీటరు తెచ్చి డంబెల్స్ పక్కన పెట్టాడు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడు పది లక్షల పాళ్లకి 420 చిల్లర. ఏడింటి బ్యాచ్ నిండేసరికి మీటరు 2,000 దాటింది. "విషం కాదు సార్, ఒకరు విడిచిన ఊపిరి ఇంకొకరు పీలుస్తున్నారని లెక్క" అన్నాడు. ఓనరు మొహం చిట్లించి, స్విచ్చు వేయించాడు.

గరగరమంటూ తిరిగాను గానీ అంకె దిగలేదు. కిటికీలకి సీలు, అద్దాల తలుపు బిగుతుగా మూత. లోపలికి గాలొచ్చే దారి లేకపోతే నేనేం తోడేది? మెట్లవైపు తలుపు జానెడు తీసి ఇటుక అడ్డం పెట్టాక, నా జాలీకి అంటించిన టిష్యూ కాగితం గుంజుకుపోయింది. అంకె దిగడం మొదలైంది.

బయటి గాలేమీ గంగాజలం కాదు. సాయంత్రం హైవే మీద ట్రాఫిక్ ఆగితే ఆ పొగా లోపలికే వస్తుంది. అందుకే మీటరు కుర్రాడు బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య నన్ను జోరుగా తిప్పమన్నాడు, ఏసీల జాలీలు కడగమన్నాడు. ఓనరు అన్నీ విని, "కరెంటు ఎంత తింటదిరా ఇది?" అన్నాడు. ఎవరూ లేని ట్రెడ్‌మిల్లుల ముందు పొద్దస్తమానం వెలిగే పెద్ద టీవీకన్నా తక్కువే. ఆ మాట ఆయనకి చెప్పినవాళ్లు లేరు.