ఒక లాగ్‌బుక్కు వాక్యమునకు టీకా తాత్పర్యము

అవతారిక.— ఒకానొక ఎఫ్.ఎమ్. రేడియో నిలయమున, రాత్రి డ్యూటీలోనున్న టెక్నీషియను తెల్లవారుజామున లాగ్‌బుక్కునందు లిఖించిన వాక్యమిది. ఆ రేయి పాట రానప్పుడెల్ల అనౌన్సరు టైము చెప్పి, నిలయము పేరు చెప్పి, మరల టైము చెప్పి శూన్యమును పూరించెను గావున, ఇందు కరుణము అంగియనియు, రౌద్రము అంగమనియు గ్రహింపవలెను.

మూలము.— “నిన్న సాయంత్రంనుంచి స్టూడియో 2 కంప్యూటర్ స్లో. పింగ్ బాగానే వస్తోంది. దయచేసి చూడగలరు.”

ప్రతిపదార్థము.— నిన్న సాయంత్రంనుంచి = గడచిన దినపు సంధ్యాసమయము మొదలుకొని; స్టూడియో 2 కంప్యూటర్ = ప్లేలిస్టు ననుసరించి పాటలను, జింగిల్సును, ప్రకటనలను వరుస దప్పక వినిపింప నియుక్తమైన యంత్రము; స్లో = మందగమనము గలదైనది; పింగ్ = సర్వరునకు పంపిన కుశలప్రశ్న; బాగానే = లోపము లేకయే (ఏకారము అవధారణార్థకము); వస్తోంది = ప్రత్యుత్తరరూపమున మరలి వచ్చుచున్నది; దయచేసి = వేరు గతి లేక; చూడగలరు = చూడుడు. ఇచట ‘గలరు’ అనునది సామర్థ్యార్థకము గాదు. సామర్థ్యమునందు సందేహార్థకమని కొందరు.

పూర్వపక్షము.— వ్యాఖ్యాతలు పెక్కురు ‘స్లో’ యను పదమునే పట్టుకొని వ్రేలాడిరి. వారిలో మెమరీవాదులు ర్యామ్ పెంచవలెననిరి; యాంటీవైరసువాదులు, తెరచిన ప్రతి ఆడియో ఫైలును ఆపాదమస్తకము సోదా చేయుటవలననే యీ జాప్యమనిరి; సంఖ్యాబలమున నెల్లరను మించిన రీస్టార్టువాదులు వాదింపక, మూడుసార్లు ఆర్పి వెలిగించిరి. కాని సొంత డిస్కులోనున్న జింగిలు నొక్కినంతనే మ్రోగుటయు, సర్వరునుండి రావలసిన పాట మాత్రమే తడబడుటయు చూచినచో, ఈ మూడు పక్షములును నిలువవు.

సిద్ధాంతము.— మూలమునకు ప్రాణము ‘నిన్న సాయంత్రంనుంచి’ యనునది; దానిని కాలసూచకమాత్రముగ నెంచి యందరును దాటిపోయిరి. నిన్న సాయంత్రము పాత కంప్యూటరును తీసి, క్రొత్తదానిని ఆ తీగకే తగిల్చిరి. తీగ ఆవలికొననున్న నెట్‌వర్కు స్విచ్చియందు, ఏనాడో యెవరో యే యుపద్రవమునో శమింపజేయుటకై, ఆ పోర్టును 100 మెగాబిట్ల ఫుల్ డ్యూప్లెక్సున, అనగా పలుకుచునే వినగల స్థితిలో, బిగించియుంచిరి. పాత కంప్యూటరును నట్లే బిగింపబడి యుండెను. క్రొత్తది ఆటో, అనగా వేగమును, డ్యూప్లెక్సును ఆవలికొనతో ఒడంబడి నిర్ణయించుకొనునది. ఒడంబడికకై అది పంపిన సంకేతములకు, బిగిసియున్న పోర్టు బదులు పలుకలేదు. బదులు రానిచో వేగమును పోల్చుకొనవచ్చునే గాని డ్యూప్లెక్సును పోల్చుకొనరాదు గనుక, 1995 నాటి ఈథర్నెట్ ప్రమాణము ననుసరించి, అది హాఫ్ డ్యూప్లెక్సునకు, అనగా ఒకరు పలుకునపుడు వేరొకరు పలుకరాదను వ్రతమునకు దిగెను. సంధి జరుగవలసినచోట జరుగమిచే, ఇది విసంధిదోషము.

ఆక్షేపము.— అట్లైన పింగు బాగుగా నేల వచ్చెను?

సమాధానము.— విండోసునందు పింగనునది 32 బైట్ల పలకరింపు. ఒకటి పోయి, దాని బదులు వచ్చిన పిమ్మటనే రెండవది పోవును గనుక, ఘర్షణకు తావు లేదు. పాటయన్ననో, కుదింపని సీడీ నాణ్యతలో నిమిషమునకు 10 మెగాబైట్లకు పైబడి, నాలుగు నిమిషములకు 42 మెగాబైట్లగును. అంత బరువు దిగునపుడు, ‘అందినది’ అని కంప్యూటరు చెప్పుచుండగనే స్విచ్చి తరువాతి మూటను విసరును. కంప్యూటరు దానిని ఘర్షణగా నెంచి, తన మాటను నడుమనే త్రుంచుకొని, కొంత తడవు మౌనము వహించును. స్విచ్చి లెక్కల పేజీలో తునిగిన ప్యాకెట్ల సంఖ్య, పాట దిగుట మొదలైనంతనే పరుగెత్తి, పాట ఆగగనే నిలిచిపోవుట ఈ వ్యాఖ్యాత కన్నులార చూచెను.

తాత్పర్యము.— వీధిలో ఎదురుపడినపుడెల్ల కుశలమడుగువాడు, ధాన్యపు బస్తా ఎత్తవలసినపుడును తోడుపడునని నమ్మరాదు. జబ్బునకు పేరు పెట్టుటకు ముందు, అది యేనాడు మొదలైనదో యడుగవలెను.

ఫలశ్రుతి.— పోర్టును ఆటోకు మార్చినంతనే పాట యథాపూర్వముగ నడచెను. పూర్వము దానిని బిగించిన మహానుభావుడు ఆ సంగతిని లాగ్‌బుక్కున ఒక్క పంక్తి వ్రాసియుండినచో, ఈ మూలమును లేదు, ఈ టీకయు లేదు. ఆ లోటు మరల రాకుండుటకై ఈ వ్యాఖ్యాత అచటనే యిట్లు వ్రాసెను: “స్టూడియో 2 పోర్టు ఆటోకు మార్చడమైనది.” దీనికి టీక యక్కరలేదు.