20 కిలోల బాబాయి

కాలు విరిగినవాళ్లలో నాకు ముచ్చటేసేది మా బాబాయి రకం. మోకాలి కింద ఎముక చితికి, ప్లేటూ స్క్రూలూ వేయించుకుని, కాలు నేల తాకకుండా వారాల తరబడి మహారాజులా మంచమెక్కి ఉంటారు. ఎక్స్‌రేలో ఎముక అతుకుతున్న ఛాయ కనబడ్డాక డాక్టరు, "ఇక మెల్లగా బరువు మోపండి, 20 కిలోలు దాటొద్దు" అంటాడు. మనిషి 80 కిలోలు. అంటే ఆ కాలికి పావు వాటా. మిగతాదంతా చంక కర్రలదే. పేరుకే చంక కర్రలు గానీ, భారం పడాల్సింది అరచేతుల మీద. చంకకీ కర్రకీ మధ్య రెండు మూడు వేళ్ల సందుండాలి.

20 కిలోలంటే ఎంతో కాలికెలా తెలుస్తుంది? ఫిజియో కిటుకు చెప్పాడు. బరువు చూసుకునే మిషను మీద దెబ్బకాలు, పక్కనే అంతే ఎత్తు చెక్క మీద మంచికాలు. కర్రలు పట్టుకుని నెమ్మదిగా వాలి, ముల్లు 20 దగ్గరకొచ్చాక ఆ ఒత్తిడి ఎలా ఉందో గుర్తుపెట్టుకోవాలి. బాబాయి ఈ ప్రదర్శనకి ఇల్లంతటినీ పిలుస్తాడు. ముల్లు 18 దగ్గర ఆగితే "ఇంకా రెండు కిలోలు మనకి బాకీ" అంటాడు. 24 చూపిస్తే మిషను పాడైందంటాడు.

దిగాక లెక్క వేరు. "ఏమండీ, గేటు దగ్గర పాలప్యాకెట్లు" అని పిన్ని అంటే, "బొటనవేలు కూడా ఆనించొద్దన్నాడే డాక్టరు!" సాయంత్రం ఎదురింటి అరుగు మీద పేక కలిపిన చప్పుడైతే ఒంటికర్రతో వీధి దాటేస్తాడు. ఆ కర్రైనా మంచికాలి వైపు పట్టుకోవాలి కదా, పట్టుకోడు. నొప్పి లేదు కదా అని ఎక్కువ మోపితే ప్లేటు వంగొచ్చు, స్క్రూ విరగొచ్చు. అసలు మోపకపోతే కండ కరిగిపోయి, చీలమండ బిగుసుకుపోతుంది. రెండు తప్పులూ ఒకే పూట చేయగల సమర్థుడు మా బాబాయి.

పలకరించడానికి వచ్చినవాళ్లకి మాత్రం పాఠం తప్పదు. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు ముందు. వాళ్లు ఊరుకుంటారా, పుత్తూరు కట్టు ఎందుకు వేయించుకోలేదని నిలదీస్తారు. నల్లేరు పచ్చడి తెస్తారు. బాబాయి దేన్నీ కాదనడు. మేకకాళ్ల సూపైతే డాక్టరే రాశాడంటాడు. (ఆ చీటీ ఎవరూ చూడలేదు.)

మొన్నటి ఎక్స్‌రే తర్వాత డాక్టరు సగం బరువుకి అనుమతిచ్చాడు. ఇంటికొచ్చి బాబాయి మంచమెక్కి, "అదే 20లో ఉండమన్నాడు" అన్నాడు. పిన్ని కాగితం చదువుకుంది.

"40 అని రాశాడుగా. 20 మీ పేకాటకి ఉంచుకోండి, మిగతా 20 ఇంటికివ్వండి."

"నిలబడి పనిచేస్తే వాపొస్తుందే."

పిన్ని గోంగూర కట్టలు తెచ్చి ఒళ్లో పెట్టింది. "కూర్చుని ఆకు ఒలవడానికి ఎన్ని కిలోలు కావాలిట?"

బాబాయి కాసేపు ఆలోచించాడు.

"ఫిజియోని అడిగి చెబుతాను."