'ఏం లేదులే': సటీక తాత్పర్య సహితము

అవతారిక

మెదక్ జిల్లా కొల్చారం మల్లినాథసూరి ఊరని ప్రతీతి. చెడ్డ వ్యాఖ్యానాల విషం తలకెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందనీ, తన వ్యాఖ్య దానిని బతికిస్తుందనీ ఆయన చెప్పుకున్నాడు. ఆ వ్యాఖ్యకు సంజీవని అన్న పేరు అందుకే. కొల్చారానికి దక్షిణాన హైటెక్ సిటీలో ఒక శుక్రవారం సాయంత్రం ఆరు కావస్తుండగా, ఒక మేనేజరు తన టీములోని కుర్రవాడికి టీమ్స్‌లో పంపిన వాక్యమొకటి ఇన్నాళ్లూ వ్యాఖ్యాత లేక అనాథగా పడి ఉంది. అందుకే ఈ సాహసం.

మూలము

"హాయ్, ఫ్రీగా ఉన్నావా? సోమవారం ఒక్క రెండు నిమిషాలు మాట్లాడాలి. ఏం లేదులే."

ప్రతిపదార్థము

హాయ్ = ఓ ఉద్యోగీ; ఫ్రీగా ఉన్నావా = ఇంకను సీటులోనే యుంటివా (ఔనన్న ఒక బాధ, కాదన్న వేరొక బాధ); సోమవారం = మూడు రాత్రులు నిద్ర చెడిన పిమ్మట; ఒక్క రెండు నిమిషాలు = ఒకటా రెండా యని శంకింపరాదు, ద్విగు సమాసమే కాని సంఖ్యకు స్వార్థము లేదు, నలుబది నిమిషములని గ్రహించునది; మాట్లాడాలి = నేను మాట్లాడవలెను, నీవు వినవలెను; ఏం = ఏమియు; లేదు = కలదు; లే = ఈ అక్షరమును గూర్చి ముందు చెప్పబడును.

'మాట్లాడాలి' అన్నచోట కర్త లోపించాడు. ఇంటెల్‌ను నడిపిన ఆండ్రూ గ్రోవ్, 1983 నాటి 'హై ఔట్‌పుట్ మేనేజ్‌మెంట్'లో, ఇలాంటి ముఖాముఖి కింది ఉద్యోగిదేనని, ఎజెండా అతడే తేవాలని, గంటకు తగ్గకూడదని తేల్చేశాడు. ప్రకృత గ్రంథకర్త ఆ మతాన్ని చూసినట్టు లేదు.

విశేషము

'లే' కేవలం పాదపూరణమని కొందరంటారు. అది పొసగదు. వాక్యంలోని భయమంతా ఆ ఒక్క అక్షరంలోనే ఉంది. 'ఏం లేదు' అని ఊరుకుంటే నమ్మవచ్చు. 'లే' చేరగానే ఏదో ఉందని, అది ఇప్పుడు చెప్పేది కాదని స్ఫురిస్తుంది. ఆలంకారికులు దీన్ని విపరీత లక్షణ అంటారు. మేనేజరు ఊరడిద్దామనే రాశాడు, పాపం. ఊరడింపు చదివాకే కుర్రవాడికి చెమట పట్టింది.

"ఆ, ఫ్రీయే అండీ, చెప్పండి" అని జవాబు పెట్టేసరికి అవతల ఆకుపచ్చ చుక్క పసుపైంది. వెంటనే స్క్రీన్‌షాట్ పాత కాలేజీ వాట్సాప్ గ్రూపుకు చేరింది. అక్కడ మూడు మతాలు పుట్టాయి. "లేఆఫ్ రా" అన్నది మొదటి మతం. "హైక్ ఏమో రా" అన్నది రెండోది. "క్లయింట్ ఎస్కలేట్ చేసుంటాడు" అన్నది మూడోది. అద్వైత, ద్వైత, విశిష్టాద్వైతాలు కుదురుకోవడానికి శతాబ్దాలు పట్టింది. వీటికి పదకొండు నిమిషాలు చాలాయి. ఆ రాత్రే అతడు నౌకరీలో ప్రొఫైల్ అప్‌డేట్ చేశాడు.

శంక: మార్చిలో అప్రైజల్ ఉండగా నడుమ ఈ మాటలెందుకు?

సమాధానము: ఏప్రిల్‌లో చేసిన మంచి పని మరుసటి మార్చిలో ఎవరికీ గుర్తుండదు. ఫిబ్రవరిలో పడిపోయిన సర్వరు మాత్రం అందరికీ గుర్తుంటుంది. ఏడాది మొత్తానికి రేటింగు ఇచ్చేది ఆ సర్వరే. అడోబీ వారు 2012లో వార్షిక సమీక్షను ఎత్తేసి, ఏడాది పొడవునా మాట్లాడుకోవడాన్ని 'చెక్-ఇన్' పేరిట పెట్టుకున్నారు. టీములో కొందరు అడుగున ఉండి తీరాలనే ర్యాంకుల పద్ధతిని మైక్రోసాఫ్ట్ వారు 2013లో వదిలారు.

మరొక శంక: అయితే రోజూ ఫీడ్‌బ్యాక్ ఇస్తే చాలునా?

చాలదు. క్లూగర్, డెనిసి అనే ఇద్దరు అంతవరకు జరిగిన పరిశోధనలను 1996లో కలిపి చూశారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది గాని, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో పని అంతకుముందుకన్నా చెడింది. మాట పని మీద నుంచి మనిషి మీదికి మళ్లితే చెడుతుందన్నది వారు చెప్పిన కారణం. "ఈ మాడ్యూల్‌లో ఎర్రర్ హ్యాండ్లింగ్ లేదు" అంటే కుర్రవాడు ఆ రాత్రి కూర్చుని రాస్తాడు. "నీకు ఓనర్‌షిప్ లేదు" అంటే ఆ రాత్రి కూర్చుని రెజ్యూమె రాస్తాడు.

అలంకారము: సోమవారం నాటి సంభాషణలో వ్యాజస్తుతి. "నువ్వు మా టీముకు అసెట్‌వి, క్లయింట్‌కు నువ్వంటే చాలా ఇది, కానీ..." అనే ధోరణి. స్తుతి ఎంత పొడుగైతే వినేవాడు అంతగా 'కానీ' కోసం కాచుకుంటాడు. ఆ పొగడ్తలు నిజమే అయినా ఒక్కటీ చెవికెక్కదు.

పాఠాంతరము

అదే అంతస్తులో పక్క టీము లీడ్ గారి ప్రతిలో ఇలా ఉంది: "నిన్నటి డెమో గురించి. సర్వర్ పడినప్పుడు క్లయింట్‌ని నువ్వు మాటల్లో పెట్టిన తీరు బాగుంది. డిప్లాయ్‌మెంట్ నోట్స్ రాయలేదు, నైట్ షిఫ్ట్ వాళ్లు రెండింటి దాకా వెతుక్కున్నారు. రేపు పదకొండింటికి చూద్దామా? నా వైపు నుంచి ఏం అడ్డుపడుతోందో నువ్వూ రాసి తీసుకురా."

ఇందులో లక్షణ లేదు, వ్యంగ్యం లేదు, పదాలన్నీ నిఘంటువులోని అర్థంలోనే ఉన్నాయి. ఆమె వారానికోసారి ఒక్కొక్కరితో కూర్చుంటారట. పోయినసారి ఒప్పుకున్నవి నోట్‌బుక్‌లో చూసి టిక్ పెడతారట. వాటిలో సగం తాను చేస్తానన్నవేనట. ఆమె టీములో ఎవరూ స్క్రీన్‌షాట్లు తీయరు. ఇలాంటి రచన ప్రబలితే వ్యాఖ్యాతల పొట్ట కొట్టినట్టే గనుక ఈ పాఠాన్ని మేము ఆదరించలేదు.

తాత్పర్యము

ఓ ఉద్యోగీ! పోయిన వారపు టైమ్‌షీట్ సబ్మిట్ చేయలేదు, చేయవలెను అని భావము. తక్కిన ముప్పది యెనిమిది నిమిషములు ఉపోద్ఘాతము.