ముందే కట్టిన భోజనం

ఓడ టికెట్టులోనే మూడు పూటలా భోజనం కలిసి ఉంటుందని మా అబ్బాయి నాకు చెప్పకుండా ఉండాల్సింది. ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకులో లెడ్జర్లు టాలీ చేసిన మనిషికి చెప్పదగ్గ విషయమా అది?

వాడికి సింగపూర్‌లో ఉద్యోగం. "ఎలాగూ వచ్చారు కదా నాన్నా, ఓ నాలుగు రోజులు క్రూజ్ ఎక్కి హాయిగా తిరిగి రండి. లెక్కలు చూసుకోకండి" అని టికెట్లు చేతిలో పెట్టాడు. లెక్కలేం చూసుకోలేదు. వాడు కట్టిందంతా తినేసి రావాలని మాత్రం అనుకున్నాను. ఎక్కిన సాయంత్రం నుంచీ ఏ అంతస్తులో ఏ వేళకి ఏం పెడతారో కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకు తిరిగాను. "ఈ ఓడ ఎటైనా ఒరిగితే అది మీరు కూర్చున్న వైపే అవుతుంది" అంది మా ఆవిడ.

మూడో రోజు పొద్దున్న పెనాంగ్‌లో లంగరు వేశారు. సాయంత్రం 5 లోపు ఎక్కేయాలి, అంతవరకూ మన ఇష్టం. చాలా చోట్ల రేవొక చోట, ఊరొక చోట ఉంటాయిట. ఇక్కడ అలా కాదు. స్వెటెన్‌హామ్ పియర్ గేటు దాటి, చుట్టుముట్టిన టాక్సీవాళ్లకి దణ్ణం పెట్టి, రోడ్డు దాటితే జార్జ్‌టౌన్. నా కొంప ముంచింది ఈ దగ్గరతనమే.

ఎదురుగానే గడియార స్తంభం. విక్టోరియా రాణి ఏలుబడికి 1897లో అరవై ఏళ్లు నిండాయని, ఏడాదికో అడుగు చొప్పున 60 అడుగులు కట్టించాడు అక్కడి చీనా షావుకారు ఒకాయన. పని పూర్తయ్యేసరికి 1902 అయింది. రాణిగారు అంతకు ముందేడే పోయారు. కాంట్రాక్టర్లు ఏ దేశంలోనైనా కాంట్రాక్టర్లే. యుద్ధంలో పడిన బాంబులకి స్తంభం కాస్త ఒరిగింది కూడా. మా ఆవిడ దాన్ని చూసి, తర్వాత నన్ను చూసి, ఏమీ అనకుండా ముందుకు నడిచింది.

పక్కనే కోట. బెంగాలులో శాశ్వత శిస్తు పెట్టిన కారన్‌వాలిస్ దొర పేరు దానికి. ఆ శిస్తు పద్ధతే తర్వాత మన సర్కారు జిల్లాలకీ వచ్చింది కాబట్టి ఏదో దూరపు చుట్టరికం తగిలినట్టే అయింది. తీరా టికెట్టు ఉందన్నారు. పుట్టి బుద్ధెరిగి ఒక్క యుద్ధమూ చేయని కోట అది. బయటి నుంచి చూసినా అంతే వీరంగా కనబడుతుందని నచ్చజెప్పాను. ఫ్రాన్సిస్ లైట్ అనే దొర 1786లో ఇక్కడ దిగినప్పుడు, అడవి కొట్టడానికి కూలీలు హుషారుగా దిగాలని ఫిరంగిలో వెండి నాణేలు కూరి చెట్లలోకి పేల్చాడని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఆ మాట విన్నాక నాకు రెండు నిమిషాలు ఊపిరాడలేదు.

ఊళ్లో తిరిగే ఉచిత బస్సొకటి ఉందని తెలిసి ప్రాణం లేచొచ్చింది. దాంట్లో చ్యూ జెట్టీకి వెళ్లాం. సముద్రంలో కర్రలు పాతి, వాటి మీద కట్టుకున్న ఇళ్లు, మధ్యలో చెక్క దారి. అందరిదీ చ్యూ అనే ఒకే ఇంటిపేరు. నేల మీద లేవు కాబట్టి ఆ ఇళ్లకి నేల పన్ను లేదని అంటారు. ఆ బుర్రకి మనసులోనే నమస్కరించాను. అక్కణ్నుంచి ఆర్మీనియన్ వీధి. 2012లో ఎర్నెస్ట్ జకరెవిచ్ అనే చిత్రకారుడు గోడ మీద ఇద్దరు పిల్లల్ని గీసి, వాళ్ల కింద నిజం సైకిల్ నిలబెట్టాడు. ఫొటోకి డబ్బులడగరు. నాలుగు దిగాను.

గడియారం చూస్తే పన్నెండు. "పద, భోజనానికి" అన్నాను.

"ఎక్కడికి?"

"ఓడకి."

మా ఆవిడ నడి వీధిలో ఆగిపోయింది. బండి మీది తిండికి ఆసియాలోనే పేరు మోసిన ఊరది. ఏ సందు మొదట్లో నిలబడినా ఏదో ఒకటి వేగుతున్న వాసన. "మీరు వెళ్లండి. నేనిక్కడే ఏదో తింటాను. కట్టిన డబ్బు వృథా కాకుండా నా వాటా కూడా మీరే తినేసి రండి" అంది. సబబుగానే తోచింది. అది వెటకారమని ఓడ ఎక్కాక గానీ తట్టలేదు.

భోజనశాల ఖాళీ. ఓడ మొత్తం ఊళ్లోకి పోయినట్టుంది. పప్పు మాత్రం నా కోసమే ఎదురుచూస్తోంది. పసుపు రంగు తప్ప దాంట్లో పప్పు లక్షణం ఒక్కటీ లేదు. పోపు లేదు, ఇంగువ ఆ ఓడ గుమ్మమే తొక్కినట్టు లేదు. మాటిచ్చాను కదా అని రెండు వాటాలూ తిన్నాను.

మళ్లీ ఉచిత బస్సెక్కి, అనుకున్న ప్రకారం పెనాంగ్ రోడ్డు పక్క సందుకి చేరేసరికి రెండు దాటింది. మా ఆవిడ ఎర్ర ప్లాస్టిక్ స్టూలు మీద, నుదుటి చెమట కొంగుతో తుడుచుకుంటూ, గిన్నె మీదికి వంగి ఉంది. ఉప్పాడ పుట్టిల్లు. చేపల పులుసు విషయంలో ఆవిడ తీర్పు మీద అప్పీలు లేదు.

"ఏమండీ, ఇందులో చింతపండు ఉంది!" పరాయి ఊళ్లో మేనత్త కూతురు కనబడినంత సంబరంగా చెప్పింది.

అసమ్ లక్సా అంటారు. చేపని ఉడికించి నలిపి కలిపిన పుల్లటి పులుసు, అందులో లావుపాటి తెల్లని బియ్యప్పిండి నూడుల్స్, పైన కీరా, ఉల్లి, అనాసపండు ముక్కలు, పుదీనా, ఓ పక్కన నల్లటి రొయ్యల ముద్ద. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. పులుపు దవడల్లోకి వెళ్లి కూర్చుంది, వెనకే కారం, దాని వెనక పుదీనా. రెండో చెంచా ఎత్తాను. లోపల పప్పు జరగనంది.

గిన్నె 8 రింగిట్లు. రింగిట్టుకి ఇరవై లెక్కన 160 రూపాయలు. జన్మలో మొదటిసారి నాకొక ధర చవకనిపించింది. డబ్బుంది, కడుపులోనే చోటు లేదు.

ఆవిడ అక్కడితో ఆగలేదు. చెందోల్ తెప్పించుకుంది. ఐసు, కొబ్బరిపాలు, తాటిబెల్లం పాకం, అందులో తేలుతూ ఆకుపచ్చ పాలతాలికల్లాంటివి. ఐసు కరిగిన అడుగు నాకిచ్చింది.

సాయంత్రం ఓడ కదలకముందే, సిగ్నలు ఉండగా, అబ్బాయి ఫోను చేశాడు. మా ఆవిడ స్పీకరులో పెట్టి లక్సా గురించి పావుగంట చెప్పింది.

"మరి నువ్వేం తిన్నావు నాన్నా?" అన్నాడు.

"పప్పన్నం" అన్నాను.

అవతల చప్పుడు లేదు. సిగ్నలు పోయిందనుకున్నాను. పోలేదు.