ముహూర్తానికి డ్రోన్ షాట్

నాలుగు కెమెరాలు, క్రేన్, డ్రోన్, రెండు ఎల్ఈడీ స్క్రీన్లు, యూట్యూబ్ లైవ్. పెళ్లి ప్యాకేజీలో ఇన్ని ఉన్నప్పుడు, వీటన్నిటినీ కలిపే మిక్సింగ్ యూనిట్ ముందు కూర్చునేది ఎవరని అడగడం మర్యాద కాదనుకుని ఆడపెళ్లివారు ఊరుకుంటారు. వీడియో ఆయనే భరోసా ఇస్తాడు: "అదేముంది సార్, బటన్ నొక్కడమే కదా! మా తమ్ముడున్నాడు."

తమ్ముడు ఉంటాడు. స్టేజి వెనక, పరదా అవతల, కూల్‌డ్రింకు కేసుల పక్కన. ఆ హాలు మొత్తానికి పెళ్లి కనబడని ఒకే ఒక్కడిని వెతికి, పెళ్లిని లోకానికి చూపించే పని అతనికే అప్పగిస్తాం.

యంత్రాన్ని ఏమీ అనడానికి లేదు. ఒకప్పుడు స్విచర్ అనే ఈ మిక్సింగ్ యూనిట్ టీవీవాళ్ల ఓబీ వ్యానులో ఉండేది. 2019లో బ్లాక్‌మ్యాజిక్ సంస్థ నాలుగు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లున్న ఏటెమ్ మినీని 295 డాలర్లకు తెచ్చాక పెళ్లి వీడియోవాళ్ల సంచుల్లోకీ వచ్చేసింది. ఒక కెమెరా 1080, మరొకటి 720 పంపినా తానే సర్దుకుపోతుంది. ఇంత మెతక మనిషిలాంటిది కాబట్టే దాన్ని ఎవరూ సెట్ చెయ్యరు. ఆ మొదటి మోడల్లో నాలుగు కెమెరాలూ ఒకే తెరమీద కనబడవు. మరుసటి ఏడు వచ్చిన ప్రో మోడల్లో కనబడతాయి. తమ్ముడి దగ్గరున్నది మొదటిదే. కనీసం తర్వాతి షాటయినా ముందుగా చూసుకునేలా ప్రివ్యూ పెట్టుకోవచ్చు. పెట్టుకోడు. నొక్కాక జనంతోపాటు తానూ చూస్తాడు.

కెమెరాల సంగతి మరీ విడ్డూరం. నాలుగింటికీ వైట్ బ్యాలెన్స్ ఆటోలోనే. ఒకదాంట్లో పెళ్లికూతురికి కామెర్లు, ఇంకోదాంట్లో నీలం రోగం. ఎదురుగా తెల్లటి మధుపర్కాలు పెట్టుకుని, వైట్ బ్యాలెన్స్ చేసుకోవడానికి తెల్లకాగితం దొరకలేదనే వాళ్లను ఏమనాలి? క్రేన్ దూరమైతే మామూలు హెచ్‌డీఎంఐ తీగకు మరో తీగ అతికిస్తారు. పదిహేను మీటర్లు దాటాక ఆ బొమ్మ వస్తే వస్తుంది, పోతే పోతుంది. అంత దూరానికి ఎస్‌డీఐ తీగ వాడాలని చెబితే, "ఇక్కడ ఎవరు పట్టించుకుంటారు సార్" అనే జవాబు సిద్ధం.

నిజానికి పట్టించుకునేవాళ్లున్నారు. వేసవిలో రాత్రి రెండింటికి ముహూర్తమైతే డాలస్‌లో మధ్యాహ్నం మూడున్నర. మీటింగు ఎగ్గొట్టి, కాన్ఫరెన్సు రూములో తలుపేసుకుని ఫోన్లో చెల్లెలి పెళ్లి చూస్తుంటాడు అన్న. పురోహితుడి గొంతు పెరుగుతుంది, మేళగాడికి సైగ అందుతుంది, వధూవరుల మధ్య అడ్డుతెర, చేతుల్లో జీలకర్ర బెల్లం. అదీ సుముహూర్తం. తమ్ముడికి మాత్రం పెళ్లంటే మంగళసూత్రమే. ఇంకా టైముంది కదా అని డ్రోన్‌కి వేస్తాడు. అన్న కళ్లారా కార్ల పార్కింగు చూస్తాడు. తిరిగొచ్చేసరికి తెర తీసేశారు, తలల మీద చేతులున్నాయి. మండపంలో పురోహితుణ్ణి ఓ ఐదు నిమిషాలు పక్కకు పిలిచి ఏది ముందు, ఏది తర్వాత అని అడిగుంటే తీరిపోయేది. దానికి 295 డాలర్లు కూడా అక్కర్లేదు.

ఇక మంగళసూత్రం దగ్గరికొచ్చేసరికి విద్యంతా బయటికొస్తుంది. మొదటి ముడికి డైమండ్ ఆకారం విచ్చుకుంటుంది. రెండో ముడికి బొమ్మ చిన్నదై పక్కకు జారిపోతుంది. మూడోదానికి వృత్తం. ముళ్లు మాత్రం ఎవరికీ కనబడలేదు. కట్ అనే బటన్ కూడా ఒకటుందనీ, పెద్ద పెద్ద క్రికెట్ మ్యాచ్‌లు ఎక్కువగా దానితోనే నడుస్తాయనీ తమ్ముడికి ఎవరైనా చెబితే నమ్మడు. అది ఫ్రీగా వచ్చే బటన్ కదా!

శబ్దం గురించి తొందరగా చెప్పేస్తాను, తలచుకుంటేనే తలనొప్పి. సౌండువాడి మిక్సర్ నుంచి ఒక లైను తీసుకోకుండా వెనక కెమెరా మైకునే నమ్ముకుంటారు. దాంతో మంత్రాలకు బదులు, మైకు పక్క కుర్చీల్లోని ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకునే స్థలాల రేట్లు మూడు ఖండాలకు ప్రసారమవుతాయి. మధ్యలో డీజే సినిమాపాట పెడితే, కాపీరైటు పేరుతో యూట్యూబ్ ఆ లైవ్‌నే ఆపేసే ప్రమాదం వేరే.

కెమెరామన్‌ను మాత్రం తప్పుపట్టలేను. తాను ఆన్‌లో ఉన్నాడో లేదో చెప్పే ట్యాలీ లైటు లేదు, చెవిలో ఎవరి మాటా లేదు. అవి లేనప్పుడు ఆయన కెమెరా పులిహోర గంగాళం మీదికి తిప్పడం సహజం. సరిగ్గా అప్పుడే తమ్ముడు ఆయన బటన్ నొక్కడం అంతకన్నా సహజం.

ఈసారి ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడు, డ్రోన్ తీసేసి ఆ డబ్బుతో కెమెరామన్ల చెవిలో మాట వినిపించే టాక్‌బ్యాక్ హెడ్‌సెట్లు పెట్టమని అడిగి చూడండి. వీడియో ఆయన మిమ్మల్ని జాలిగా చూస్తాడు. "హెడ్‌సెట్లు ఫొటోల్లో బాగుండవు సార్. కావాలంటే రెండో డ్రోన్ వేయిస్తా."