కొయ్యదిమ్మె సాక్ష్యం

బ్రావల్లా యుద్ధం నిజంగా జరిగిందా అని అడిగి చూడండి. వైకింగుల వారసత్వం నెత్తికెక్కిన పెద్దమనిషి మాటతో జవాబివ్వడు, ఒక పాత ఉడ్‌కట్ బొమ్మ తీసి చూపిస్తాడు. గుర్రాలు, ఈటెలు, కాళ్లకింద శవాలు. అంతా కళ్లకు కట్టినట్టే ఉంటుంది. ఎందుకుండదు? చెక్కినవాడి చేతికి వాస్తవం అడ్డం పడితే కదా!

కథ రసవత్తరమైనదే, కాదనను. డేన్ల రాజు హరాల్డ్ ముసలివాడు, పైగా గుడ్డివాడు. మంచంలో పోవడం నామోషీ అనుకుని స్వీడన్ రాజు రింగ్ మీదికి రథమెక్కి వెళ్లాడు. సారథి వేషంలో ఉన్నది సాక్షాత్తు ఓడిన్ దేవుడట. ఆయనే రాజుగారి గద లాక్కుని రాజుగారినే మోది చంపాడు. 1200 ప్రాంతంలో డెన్మార్క్ చరిత్రకారుడు శాక్సో దీన్ని లాటిన్‌లో రాస్తూ లెక్క కూడా అప్పజెప్పాడు: రింగ్ వైపు 12,000 మంది, హరాల్డ్ వైపు 30,000 మంది దొరబిడ్డలు కూలారు. మామూలు జనం లెక్కలో లేరు. ఇంతా చేసి ఆ యుద్ధభూమి స్వీడన్‌లోని ఎస్టర్‌యోట్లాండ్‌లో ఉందో, స్మోలాండ్‌లో ఉందో నేటికీ తేలలేదు.

పాత అచ్చుబొమ్మల గుట్టు కూడా వినండి. 1493 నాటి నూరెంబర్గ్ చరిత్ర గ్రంథంలో 1,809 బొమ్మలున్నాయి. వాటికి వాడిన దిమ్మెలు 645. ఒకే మొహం ఈ పేజీలో ఒక రాజు, ఆ పేజీలో ఇంకో రాజు.

ఇక స్వీడన్ సంగతికొస్తే, నార్డిక్ జాతుల మీద బొమ్మల పుస్తకాన్ని ఒలావుస్ మాగ్నుస్ 1555లో అచ్చేయించింది స్వీడన్‌లో కాదు, రోమ్‌లో. దేశం లూథర్ పక్షం చేరాక ఇంటిదారి మూసుకుపోయిన ఆర్చిబిషప్పు ఆయన. అన్న యొహాన్నెస్ రాసిపెట్టి పోయిన స్వీడన్ రాజుల చరిత్రనూ అంతకు ఏడాది ముందు అక్కడే అచ్చేయించాడు. అందులో రాజవంశం నోవహు మనవడు మాగోగుతో మొదలవుతుంది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటారు మనవాళ్లు. ఇక్కడ నెయ్యీ కల్పితమే, తాతలూ కల్పితమే. మూతులొక్కటే అసలువి.

ఆ మూతులు మాత్రం సామాన్యమైనవి కావు. 1617లో స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ తన పట్టాభిషేకపు వేడుకల్లో, తాతలుగా చెప్పుకున్న గోతుల పురాణ రాజు బెరిక్ వేషం కట్టి బరిలోకి దిగాడు. అంతకు పదేళ్ల ముందు కిరీటం పెట్టుకున్న ఆయన తండ్రి, యొహాన్నెస్ జాబితాను నమ్మి తనను తాను తొమ్మిదో కార్ల్ అన్నాడు. ఆ జాబితాలో మొదటి ఆరుగురు కార్ల్‌లు ఎన్నడూ పుట్టనే లేదు. 1973లో గద్దెనెక్కిన ఇప్పటి రాజు పదహారో కార్ల్ గుస్తావ్. పుట్టినవాళ్లను లెక్కబెడితే ఆయన పదోవాడు.