ఉలవ ఆత్మకథ

నేను ఉలవను. రాయలసీమ యెఱ్ఱనేలలలోను, తెలంగాణపు చల్కలలోను, బళ్ళారి, కోలారు ప్రాంతముల మెట్టలలోను వానలు మొగము చాటువేసిన యేడు రైతు నన్ను తలచుకొనును. వానలు చక్కగా కురిసిన యేడు మఱచిపోవును. నా చరిత్ర దీర్ఘమైనది, నా కోరికలు స్వల్పములు. లోకమునకు ఉపకరింపగల శక్తి యుండియు మూల బడియున్న పంటలలో నేనొకదానను గనుక, నా కథను నేనే చెప్పుకొనవలసి వచ్చినది.

నా పుట్టినిల్లు ఈ దేశమే. నేడు మన మెట్టభూముల నేలుచున్న వేరుసెనగ దక్షిణ అమెరికానుండియు, మొక్కజొన్న మెక్సికోనుండియు సముద్రములు దాటి వచ్చినవి. నేను మాత్రము ఈ దక్కను నేలలయందే మనుష్యుని చేరదీతకు పాత్రమైతిని. బళ్ళారి చెంతనున్న సంగనకల్లు కొండలమీద నవీనశిలాయుగపు జనులు నివసించిన చోటులలోని మట్టిని నీట గలిపి తేర్చిన పురావస్తు శాస్త్రజ్ఞులకు, పెసలతో గూడ మాడి బొగ్గయిన నా గింజలును లభించినవి. అనగా నాలుగువేల యేండ్ల క్రిందటనే ఆ కొండవాసుల పొయ్యిమీద నేను ఉడికితిని. చరక సుశ్రుతుల వైద్యగ్రంథములలో కులత్థమను పేర కనబడుదును. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున సీతాధ్యక్షుని, అనగా వ్యవసాయాధికారి, విధులను వివరించుచు, కడపట విత్తవలసిన పైరులలో నన్ను చేర్చినాడు. ఆ నియమము నేటికిని చెల్లుచునే యున్నది.

తొలకరిలో వేసిన వేరుసెనగ వానలు లేక మొలకలోనే మాడిపోయినప్పుడు, భాద్రపద ఆశ్వయుజములలో ఎట్టకేలకు పడిన ఒక పదునును చూచుకొని రైతు మఱల దున్ని నన్ను చల్లును. ఎరువు వేయడు, నీరు కట్టడు, మందు చల్లడు. నేలలో మిగిలిన చెమ్మనే పొదుపుగా వాడుకొనుచు, మూడేసి ఆకుల తీగలను నలుదెసలకు సాచి నేలను కప్పివేయుదును. ఆ కప్పు మూలమున ఎండకు చెమ్మ ఆవిరిగాదు, జడివానకు పైమన్ను కొట్టుకొనిపోదు, కలుపు తలయెత్తదు. లేత పసుపువన్నె పూలు పూచి, సన్నని నూగుతో కొడవలివలె వంగిన కాయలు కాచి, మూడు నాలుగు నెలలలో పంట చేతికిత్తును. ఎండిన కాయ మిట్టమధ్యాహ్నపు వేడికి పగిలి గింజ రాలిపోవును గావున, అనుభవజ్ఞులు తెల్లవాఱుజామున, మంచుకు కాయలు మెత్తబడియున్న వేళ, కోతకు దిగుదురు.

నేను నేలకు చేయు సేవ పైకి కానరాదు. పూత కాలమున నా మొక్క నొకదానిని మన్నుతో సహా మెల్లగా పెల్లగించి, వేళ్ళను నీట కడిగి చూడుడు. సన్నని వేళ్ళనంటి గుండ్రని చిన్నచిన్న బుడిపెలు కనబడును. ఒకదానిని గోటితో చీల్చినచో లోపల ఎఱ్ఱని ఛాయ అగపడును. అది ఆ బుడిపె సజీవముగా పనిచేయుచున్నదనుటకు గుర్తు. అందు కాపురముండు సూక్ష్మజీవులకు నేను ఆకులలో వండిన చక్కెరను ఇత్తును; అవి గాలిలోని నత్రజనిని పట్టి నాకు ఆహారముగా మార్చి యిచ్చును. కొనితెచ్చిన యూరియా లేకయే నా గింజలో మాంసకృత్తులు నిండుట ఈ పరస్పర సాహాయ్యము వలననే. రాలిన ఆకులును, నేలలో మిగిలిన వేళ్ళును మురిగి తరువాతి పైరునకు కొంత సారమును సమకూర్చును. అందుచేతనే నన్ను వేళ్ళతో పెఱికివేయుటకంటె మొదలంట కోయుట నేలకు మేలు.

ఇక వంటయింటి మాట. ఎడ్లే సేద్యమునకు ఆధారమైన దినములలో, కాపుటిండ్లయందు పెద్ద కుండలో ఉలవలను నీరు మెండుగా పోసి పిడకల సెగమీద రాత్రియంతయు ఉడుకబెట్టెడివారు. వేకువనే ఉడికిన గింజలు దుక్కిటెద్దుల గాడికి పోయెడివి. ముదురు గోధుమవన్నెగల చిక్కని కట్టు ఇంటివారికి మిగిలెడిది. దానిలో చింతపండు పులుసు, ఉల్లి, మిరప చేర్చి, పోపు పెట్టి మఱల మఱిగించినదే ఉలవచారు. నేడు పెండ్లివిందులలో మీగడతో వడ్డించు ఆ చారునకు జన్మస్థానము ఎడ్ల దాణా కుండయే. గుఱ్ఱములు నా గుగ్గిళ్ళను తిని బలిసినవి, ఎడ్లు నన్ను తిని కాడి లాగినవి. నూఱు గ్రాముల నా గింజలలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులును, దాదాపు 280 మిల్లీగ్రాముల కాల్షియమును, 6 మిల్లీగ్రాములకు మించిన యినుమును కలవు. పోషణను అడ్డగించు కొన్ని పదార్థములును నాయందు లేకపోలేదు. రాత్రి నానబెట్టి, మొలకెత్తించి, చక్కగా ఉడికించినచో అవి చాలవఱకు తగ్గిపోవును.

ఇంతటి సాధుగుణములుండియు నేనేల వెనుకబడితిని? హరితవిప్లవము నీరు గల భూములలో వరికిని గోధుమకును పట్టము గట్టెను. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో రెండురూపాయల బియ్యము రాగా బీదలకు కడుపునిండ అన్నము దొరకినది, అది మహోపకారమే. కాని ఆ పళ్ళెములో పప్పుధాన్యములకు తగినంత తావు దొరకలేదు. ట్రాక్టరు వచ్చి ఎడ్లను కొట్టమునుండి వెడలించుటతో నా దాణా కుండయు చల్లారెను. పశువుల మేతయను ముద్ర వలన సంపన్నుల పంక్తి నాకు చిరకాలము దూరమయ్యెను. నికృష్టమైన నేలకు, మిగిలిన పదునుకు, నాసి విత్తనమునకు నన్ను వదలిపెట్టి, దిగుబడి తక్కువ యని నిందించుట న్యాయముగాదు.

నాయందును సరిదిద్దవలసిన గుణములున్నవి. నా కాయలన్నియు ఒక్కమాఱుగా పండవు; తీగ సాగుచునే యుండును; పల్లాకు తెగులు నన్ను బాధించును. ఈ కొఱతలను తీర్చుటకై పాలెము వ్యవసాయ పరిశోధనా స్థానములోను, హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థలోను శ్రమించి మేలురకములను వెలువరించిన శాస్త్రజ్ఞులకు కృతజ్ఞురాలను. జపాను శాస్త్రజ్ఞులును హిమాచలప్రదేశపు పాలంపూరు శాస్త్రజ్ఞులును కలిసి 2021లో నా జన్యుక్రమమును ప్రకటించిరి. ఉత్తరాఖండపు కొండమెట్లపై గహత్ అను పేర నేను నేటికిని ప్రీతిపాత్రమైన పప్పును. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు పచ్చికబయళ్ళలో పశుగ్రాసమును. వర్షాభావమును, నిస్సారమైన నేలను, పేదరికమును ఒక్కసారిగా ఎదుర్కొనుచున్న దేశములన్నిటికిని నావంటి పంటలే చేదోడు కాగలవు.

కావున నా విన్నపము ఇది. రైతులారా, కరవు వచ్చిన పిమ్మట విత్తనమునకై పరుగిడక, మంచి విత్తనమును ముందుగనే దాచియుంచుడు. జొన్న, కొఱ్ఱ, కందులతో పాటు పైరుల వరుసలో నాకొక తావును ముందుగనే నిర్ణయింపుడు. పాలకులారా, మద్దతుధరలోను, బడిపిల్లల భోజనములోను నాకు చోటిండు. గృహిణులారా, చారునకే కాక గుగ్గిళ్ళకును, మొలకలకును, పప్పునకును నన్ను వాడుడు. ఆపదలో ఆదుకొన్నదానిని సంపదలోను ఆదరించుట మీకు ధర్మము, మీ నేలకు క్షేమము.